డ్రా: ఒక్క మాటను పూర్తిగా నేర్చుకోవడం

ఇంగ్లీషు మాటల జాబితాలు బట్టీ పట్టే అలవాటు మన విద్యార్థుల్లో చాలామందికి ఉంది. పోటీ పరీక్షల పుస్తకాల దుకాణంలో వెయ్యి పదాల పుస్తకం ఒకటి కొంటారు. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు అర్థం, రోజుకు ఇరవై చొప్పున. నెల తిరిగేసరికి మొదటి వారం మాటలు మరుపున పడతాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పరీక్షలోనూ ఆఫీసులోనూ మనల్ని నిలువరించేవి ఆ అరుదైన మాటలు కానే కావు. ఆరో తరగతిలోనే వచ్చేశాయనుకుని వదిలేసిన చిన్న క్రియలు. గెట్, టేక్, రన్, సెట్, క్యారీ, డ్రా. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికంటే పొడవైన వివరణ పొందింది ‘సెట్’ అనే చిన్న క్రియ. చిన్న మాటల మీదే భాష బరువంతా ఉంటుంది.

అందుకని ఈ అధ్యాయంలో ఒక్క మాటే తీసుకుంటున్నాను: డ్రా. ఇది లాగడానికి ఇంగ్లీషులో ఉన్న పాత మాట. దీన్ని మొదటి నుంచి చివరి దాకా పట్టుకుంటే, మిగతా క్రియలను పట్టుకునే దారి మీకే దొరుకుతుంది.

ముందు ఒక సంగతి గమనించండి. ఈ మాట మీకు కొత్త కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మన ఇళ్లలో కూడా ఇది తిరుగుతూనే ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి డబ్బు డ్రా చేస్తాం. మ్యాచ్ డ్రా అయిందంటాం. పండక్కి బట్టల కొట్టువాళ్లు లక్కీ డ్రా పెడతారు. బడిలో డ్రాయింగ్ మాస్టారు ఉంటారు. బల్లకు డ్రాయరు ఉంటుంది, మగవాళ్లు లోపల వేసుకునేదీ డ్రాయరే. ప్రభుత్వ ఉద్యోగి జీతం బిల్లు మీద సంతకం పెట్టే అధికారిని డీడీఓ అంటారు, అంటే డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ఉంది. కాలేజీ ఫీజుకు డిమాండ్ డ్రాఫ్ట్ తీస్తాం. ఇవన్నీ ఒకే మాట కొమ్మలని బడిలో ఎవరూ చెప్పరు. ఒక్కొక్కటి ఒక్కో గదిలో విడిగా ఉండిపోతుంది. ఇక ఇంగ్లీషు వ్యాసంలో కొత్త వాడుక ఎదురైతే, అది ఏ గదిదో తెలియక నిలబడిపోతాం.

ఎందుకిలా జరుగుతుంది? మన భాష ఈ పనులన్నిటికీ వేరువేరు క్రియలు ఇచ్చింది కనుక. బావిలో నీళ్లు తోడతాం. ముగ్గు గీత గీస్తాం. కత్తి దూస్తాం. రథం లాగుతాం. ఊపిరి పీలుస్తాం. పింఛను అందుకుంటాం. నిజం రాబడతాం. దస్తావేజు రాయించుకుంటాం. చీటీ తీస్తాం. వీటన్నిటి స్థానంలో ఇంగ్లీషువాడు డ్రా అన్న ఒక్క మాట వాడగలడు. మనకు అది గందరగోళంగా కనిపిస్తుంది. కానీ ఇదే పని మనమూ చేస్తాం. ‘తీయడం’ చూడండి. తలుపు తీస్తాం, ఫోటో తీస్తాం, వెన్న తీస్తాం, దిష్టి తీస్తాం, రాగం తీస్తాం, గుంజీళ్లు తీస్తాం, కునుకు తీస్తాం, పరుగు తీస్తాం, ఎదుటివాడి పరువు కూడా తీస్తాం. అయిదేళ్ల పిల్లవాడు వీటిలో సగం తడబడకుండా వాడతాడు. వాడికి ఎవరూ జాబితా ఇవ్వలేదు. పక్కన ఏ మాట ఉందో చూసి, అక్కడ జరుగుతున్న పని చూసి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు క్రియను కూడా అలాగే నేర్చుకోవచ్చన్నదే నేను మీకు చెప్పదలచుకున్నది.

మూలంలో ఉన్న పని నుంచి మొదలుపెడదాం. పాత ఇంగ్లీషులో ‘డ్రాగన్’ అనే క్రియ ఉండేది. నిప్పులు కక్కే పాముకూ దీనికీ సంబంధం లేదు. ఆ క్రియకు అర్థం లాగడం, ఈడ్చడం. కంప్యూటర్ మీద మనం చేసే ‘డ్రాగ్’ దీనికి తోబుట్టువు. బరువులు లాగే పశువులను ‘draught’ అనే స్పెల్లింగుతో రాసి ‘డ్రాఫ్ట్ యానిమల్స్’ అని పలుకుతారు. మన ఒంగోలు జాతి ఎద్దులు ఆ కోవకు చెందినవే. ఈ స్పెల్లింగు దగ్గర జాగ్రత్త కావాలి. ఒక్క అక్షరం మారితే అది ‘drought’ (డ్రౌట్), అంటే కరువు. రూపం దగ్గరగా ఉన్నా రెంటికీ చుట్టరికం లేదు.

లాగడంలో రకాలు ఉన్నాయి. నేల మీద రాపిడితో ఈడ్చితే డ్రాగ్. కుదిపి గుంజితే టగ్. పెద్ద బరువును కండబలంతో లాక్కొస్తే హాల్. పాడైన బండిని మరో బండికి కట్టి తీసుకుపోతే టో. డ్రా వీటికంటే నెమ్మదైన మాట. ఒక వస్తువును ఉన్న చోటు నుంచి, ఆగకుండా, ఒకే ఊపులో లాగడం. చేదతో నీళ్లు పైకి రావడం, ఒర నుంచి కత్తి రావడం, వింటినారి చెవిదాకా రావడం, ఇవి దాని అసలు బొమ్మలు.

విలువిద్యలో ఆ బొమ్మ ఇప్పటికీ సజీవంగా ఉంది. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ ఆటలో నారిని లాగడానికి కావలసిన బలాన్ని డ్రా వెయిట్ అంటారు. చేతుల పొడవును బట్టి అమర్చుకునే దూరం డ్రా లెంగ్త్. నారి పూర్తిగా వెనక్కు వచ్చి నిలిచిన స్థితి ఫుల్ డ్రా. కాంపౌండ్ విల్లుకు చివర్లలో చక్రాలు ఉంటాయి. లాగేటప్పుడు ఉన్న బరువు పూర్తిగా లాగాక బాగా తగ్గిపోతుంది, అందుకే గురి చూసే వ్యవధి దొరుకుతుంది. ఆటల పేజీలో ఈ మాటలు చదివినప్పుడు మనసులో ఆ చెయ్యి వెనక్కు రావడం చూడండి. మాట మరిచిపోరు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు నేర్చుకోండి. డ్రా కనిపించిన ప్రతి వాక్యంలోనూ అడగండి. లాగుతున్నది ఎవరు? లాగబడుతున్నది ఏది? ఎక్కడి నుంచి ఎక్కడికి? ఈ మూడింటికీ జవాబు దొరికితే తెలుగు క్రియ దానంతట అదే నోటికి వస్తుంది. సభకు జనం డ్రా అయ్యారంటే, లాగుతున్నది వక్త, వస్తున్నది జనం, ఇళ్ల నుంచి మైదానానికి. సాక్ష్యాల నుంచి ముగింపు డ్రా చేశారంటే, లాగుతున్నది న్యాయమూర్తి, వస్తున్నది నిర్ణయం, సాక్ష్యాల లోపల నుంచి బయటికి. చిమ్నీ బాగా డ్రా చేస్తోందంటే అది పొగను పైకి లాగుతోంది. ఓడ ఎనిమిది మీటర్లు డ్రా చేస్తుందంటే, తేలడానికి అంత లోతు నీరు దానికి కావాలి. విశాఖ రేవు వార్తల్లో ‘డ్రాఫ్ట్’ అని చూస్తుంటాం, అది ఈ లోతే. ఇంగ్లీషువాళ్లు టీ పొడి వేడినీళ్లలో వేసి కాసేపు డ్రా కానివ్వమంటారు. అక్కడ నీరు ఆకులోని సారాన్ని లాగుతోంది.

బొమ్మ గీయడం దీనిలోకి ఎలా వచ్చిందని అడగవచ్చు. కాగితం మీద పెన్సిలును లాగుతాం కదా, దాని వెనుక గీత వస్తుంది. అంతే. కంసాలి పని చూసినవారికి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చిల్లులున్న కమ్మచ్చులో బంగారాన్నో వెండినో దూర్చి, ఒక్కో చిల్లులో నుంచి ఇంకా సన్నటి చిల్లులోకి మారుస్తూ లాగితే తీగ వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని వైర్ డ్రాయింగ్ అంటారు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనికి కావలసిన సన్నటి తీగ అలా వచ్చేదే. ఇక్కడ లాగడమూ గీత పుట్టడమూ ఒకే పని అయిపోయాయి. ఈ గీత కొమ్మ నుంచే హద్దు గీయడం, తేడా గీసి చూపడం, పోలిక తేవడం వంటి వాడుకలు పుట్టాయి. ‘డ్రా ద లైన్’ అంటే ఇక్కడి దాకా సరే, ఇకపై ఒప్పుకోను అని గీత గీయడం. తెలుగులో మనం గిరి గీయడం అనేదానికి చాలా దగ్గర.

డబ్బు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఇక్కడ పొరపాటు చేస్తే పోయేది మార్కులే కాదు.

బ్యాంకులో డబ్బు డ్రా చేయడం అంటే ఖాతాలో ఉన్నదాన్ని బయటికి లాగడం. ఉన్నదాని కంటే ఎక్కువ లాగితే ఓవర్‌డ్రాఫ్ట్. ఇంతవరకూ తేలికే. చెక్కు దగ్గరికి వచ్చేసరికి చాలామంది తలకిందులు చేస్తారు. డబ్బు డ్రా చేసుకునేవాడు డ్రాయర్ అనుకుంటారు. చట్టం చెప్పేది వేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం చెక్కు రాసి సంతకం పెట్టి ఇచ్చినవాడు డ్రాయర్. చెల్లించవలసిన బ్యాంకు డ్రాయీ. ఎవరి పేరున రాశారో వారు పేయీ. మన మూడు ప్రశ్నలు వేసి చూడండి. డబ్బును లాగమని ఆజ్ఞ రాసింది ఎవరు? ఖాతాదారు. ఎవరి దగ్గర నుంచి? బ్యాంకు దగ్గర నుంచి. కనుక డ్రాయర్ ఖాతాదారే. చెక్కు తిరిగి వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే చీటీ మీద ఒక్కోసారి ‘రిఫర్ టు డ్రాయర్’ అని ఉంటుంది. ఆ చెక్కు ఇచ్చిన మనిషినే అడుక్కోండి అని దాని భావం. డబ్బు చాలక చెక్కు వెనక్కి వస్తే శిక్ష వేసే 138వ సెక్షన్‌ను ఈ చట్టంలోకి 1988 సవరణతో తెచ్చారు. ఆ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆ నేరం అంటుకునేది డ్రాయర్‌కి. చిన్న వ్యాపారం చేసుకునేవారు, చిట్టీలకూ అప్పులకూ ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చేవారు ఈ ఒక్క మాట అర్థం తెలుసుకుని తీరాలి. సంతకం ఎవరిదో డ్రాయర్ వారే.

ఉద్యోగుల కాగితాల్లో ‘లాస్ట్ పే డ్రాన్’ అని ఉంటుంది. చివరిగా అందుకున్న జీతం. బదిలీ మీద వెళ్లే ఉద్యోగికి ఇచ్చే ఎల్‌పీసీ (లాస్ట్ పే సర్టిఫికెట్) లోనూ, పింఛను లెక్కలోనూ దీని మీదే అంతా నడుస్తుంది. ఇక్కడ రూపం గమనించండి. డ్రా, డ్రూ, డ్రాన్. ‘డ్రాడ్’ అనే రూపం లేదు. దరఖాస్తు రాసేటప్పుడు ఇది తప్పితే చదివే అధికారి కన్ను ముందు దాని మీదే పడుతుంది.

ఇంకొక మాట ‘డ్రాబ్యాక్’. మామూలుగా లోపం, ఇబ్బంది. కానీ విశాఖ, కాకినాడ రేవుల నుంచి రొయ్యలు ఎగుమతి చేసేవారి దగ్గర ‘డ్యూటీ డ్రాబ్యాక్’ అంటే మంచి వార్త. ఎగుమతి సరుకు తయారీలో వాడినవాటి మీద పడిన సుంకాన్ని ప్రభుత్వం తిరిగి ఇవ్వడం. ముందు కట్టినది వెనక్కు లాగి ఇస్తారు. ఒకే మాట ఒకచోట లోపమైంది, ఒకచోట రాబడి అయింది. పక్కన ఉన్న మాట చూడకుండా అర్థం చెప్పకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఆటల్లో ఈ మాట రెండు వేర్వేరు పనులు చేస్తుంది. బ్యాడ్మింటన్ వార్తలో సింధుకు కఠినమైన డ్రా ఎదురైందని చదివితే, అక్కడ ఆట ఇంకా మొదలే కాలేదు. ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీసి నిర్ణయించిన పట్టిక డ్రా. లక్కీ డ్రాకు దగ్గరిది. క్రికెట్లో డ్రా వేరు. గెలుపోటములు తేలకుండా ముగియడం. ఇది ‘విత్‌డ్రా’కు సంబంధించినదని, ఇరుపక్షాలూ వెనక్కు తగ్గడమన్న భావం నుంచి వచ్చి ఉంటుందని పద చరిత్ర రాసినవారు చెబుతారు. టెస్టు క్రికెట్లో డ్రా, టై ఒకటి కావు. రెండు జట్ల పరుగులూ సమానమై చివరి వికెట్టు కూడా పడిపోతే టై. 1986 సెప్టెంబరులో మద్రాసు చేపాక్‌లో భారత్, ఆస్ట్రేలియా టెస్టు అలా ముగిసింది. సమయం అయిపోయి ఫలితం తేలకపోతే డ్రా.

డ్రా అంటే చప్పగా ముగిసినదనే అభిప్రాయం ఒకటుంది. అది తప్పు. 2021 జనవరి 11న సిడ్నీ టెస్టులో, కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ వెనుక కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచాడు. అతనికి తోడుగా అవతలి వైపు నిలిచిన అశ్విన్ 128 బంతులకు 39. లక్ష్యం 407, ఆట ముగిసేసరికి భారత్ 5 వికెట్లకు 334. ఆ మ్యాచ్‌ను మన జట్టు ‘డ్రూ’ అని ఇంగ్లీషు పత్రికలు రాశాయి. ఈ క్రియ వెనుక ఎంత పట్టుదల ఉండవచ్చో ఆ రోజు చూసినవారికి తెలుసు. ఇలాంటి ఒక్క సంఘటనతో ముడిపెట్టుకున్న మాట, జాబితాలో చదివిన వంద మాటల కంటే గట్టిగా నిలుస్తుంది. రోజు ఆట ముగియడాన్ని ‘డ్రాయింగ్ స్టంప్స్’ అనడం కూడా ఉంది. అక్కడ అర్థం అక్షరాలా నేలలో నుంచి కర్రలు పీకేయడం.

అన్నీ ఇలా తేటగా విడిపోవు. ‘డ్రా ద కర్టెన్స్’ అన్న వాక్యం చూడండి. తెర లాగడం. మూయడానికా, తెరవడానికా? రెంటికీ వాడతారు. తెల్లవారిందని పక్క వాక్యంలో ఉంటే తెరవడం, దీపాలు పెట్టే వేళైతే మూయడం. నిఘంటువు చూసినా ఇది తేలదు, వాక్యం చుట్టూ చూడాలి. ‘డ్రా ఎ బ్లాంక్’ అంటే ఎంత వెతికినా ఏమీ దొరకలేదని. పాత కాలపు లాటరీల్లో బహుమతి రాయని ఖాళీ చీటీ తీయడం నుంచి వచ్చింది. కథ తెలియకపోతే ఊహించడం కష్టం. ‘డ్రాయింగ్ రూమ్’లో బొమ్మలు గీయరు. భోజనాలయ్యాక విడిగా వెళ్లి కూర్చునే గది కనుక మొదట అది ‘విత్‌డ్రాయింగ్ రూమ్’, తర్వాత తల తెగిపోయింది. ఇలాంటివి అర్థం చేసుకుని గుర్తుపెట్టుకోవలసిందే, ఏ సూత్రానికీ లొంగవు. భాషలో ఆ కాస్త మొండితనం ఉంటుంది, దానికి విసుక్కోకండి.

క్రియ పక్కన చేరే చిన్న మాటలు కూడా ఇలాగే చూసుకోవాలి. డ్రా అప్ అంటే లాయరు వీలునామా తయారు చేయడం, కారు వచ్చి గుమ్మం ముందు ఆగడం కూడా. డ్రా ఆన్ అంటే దాచుకున్న దానిలో నుంచి, అనుభవంలో నుంచి తీసి వాడుకోవడం. డ్రా అవుట్ అంటే సాగదీయడం, మాట్లాడని మనిషితో మాట్లాడించడం. మంచి ఇంటర్వ్యూ చేసేవారు భయపడుతున్న అభ్యర్థిని డ్రా అవుట్ చేస్తారు. ఆ వాడుక నాకు ఇష్టం. చేదలాగా లోపలికి దిగి, లోపల ఉన్నదాన్ని జాగ్రత్తగా పైకి తేవడం అందులో ఉంది.

ఇక ఎలా సాధన చేయాలో చెబుతాను. దీనికి నేను నమ్మే దారి నిఘంటువులు తయారైన దారే. జేమ్స్ మరే సంపాదకుడుగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి భాగం 1884లో వచ్చింది, మొత్తం 1928కి గాని పూర్తి కాలేదు. మరే 1915లోనే చనిపోయాడు. ఆయన తన తోటలో వేయించుకున్న ఇనుప షెడ్డులో కూర్చుని పని చేసేవాడు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదువుతూ, ఒక మాట కనిపించిన వాక్యాన్ని చిన్న చీటీ మీద రాసి పంపేవారు. ఆ చీటీలను కుప్పలుగా వేరు చేస్తే అర్థాలు తేలేవి. ముందు అర్థం, తర్వాత ఉదాహరణ అన్న వరుస మనకు బడిలో అలవాటైంది. అక్కడ జరిగింది దానికి తిరగబడ్డ వరుస. ముందు వాక్యాలు పోగయ్యాయి, వాటిలో నుంచి అర్థాలు బయటపడ్డాయి.

మీరూ అదే చేయండి. పాత నోటుబుక్కు అట్టలు కత్తిరించి చీటీలు చేసుకోండి. ఇంగ్లీషు పత్రికలోనో, ఆఫీసు ఉత్తరంలోనో డ్రా కనిపిస్తే, వాక్యం మొత్తం రాయండి. మాట ఒక్కటే రాస్తే లాభం లేదు. చీటీ వెనుక తెలుగులో ఆ చోట మీరు సహజంగా వాడే క్రియ రాయండి: తోడారు, గీశారు, అందుకున్నారు, రాబట్టారు. ‘డ్రా చేశారు’ అని రాయకండి, అది తప్పించుకోవడం. తెలుగు క్రియ దొరకలేదంటే అర్థం ఇంకా అందలేదని లెక్క. ఆదివారం చీటీలు బల్ల మీద పరచి ఒకే రకమైనవి ఒకచోట పెట్టండి. ఏ కుప్ప పెద్దదో చూడండి, దాన్ని ముందు నేర్చుకోండి.

పెద్ద కుప్ప ముందు అన్న సలహాకు ఆధారం ఉంది. మైఖేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలో విద్యాశాఖలో పనిచేశాడు. మన పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే అవస్థ దగ్గర నుంచి చూసినవాడు. 1935లో ఆయన, సహరచయిత ఎండికాట్ కలిసి తెచ్చిన నిఘంటువు సుమారు 1500 తేలిక మాటలతోనే మిగతా మాటలన్నిటికీ అర్థాలు చెప్పింది. 1953లో ఆయన ప్రచురించిన జనరల్ సర్వీస్ లిస్ట్ సుమారు 2000 మాటల పట్టిక. దాని గొప్పతనం మాటల ఎంపికతో ఆగిపోదు. ఒక్కో మాటకు ఉన్న అర్థాల్లో ఏది ఎన్ని వంతులు వాడుకలో ఉందో కూడా చూపింది. అన్ని అర్థాలూ సమానం కావు, తరచుగా ఎదురయ్యేవాటి మీద ముందు శ్రమ పెట్టాలన్న తెలివి అది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ తన తోటివారితో కలిసి 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువును 1948లో ఆక్స్‌ఫర్డ్ మళ్లీ అచ్చు వేసింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలు. విదేశీ విద్యార్థి ఎక్కడ తడబడతాడో తెలిసి రాసినది కనుక, ఇంట్లో ఒక్క నిఘంటువే కొనగలిగితే అదే కొనండి. ఇంగ్లీషు బోధన మీద పరిశోధనకు 1958లో హైదరాబాద్‌లోనే ఒక కేంద్ర సంస్థ వెలిసింది. అది సీఫెల్ అనే పేరుతో పెరిగి ఇప్పుడు ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంత దగ్గరలో ఇంత పని జరుగుతున్నా మన బళ్లలో ఇంకా రెండు వరుసల జాబితా బట్టీయే నడుస్తోంది. ఇది మారాలని గట్టిగా కోరుకుంటాను.

డ్రా చీటీలు నాలుగు కుప్పలయ్యాక, హాల్ తీసుకోండి. బరువైనదాన్ని లాక్కురావడం, లారీల మీద సరుకు మోయించడం దాని అసలు పని. అక్కడి నుంచి జాలరి వలలో పడ్డ చేపలు, పోలీసులకు చిక్కిన సరుకు, క్రీడాకారులు తెచ్చిన పతకాలు కూడా హాల్ అయ్యాయి. హాంగ్‌జౌలో మన దేశానికి 107 పతకాలు వచ్చినప్పుడు ఇంగ్లీషు పత్రికలు మెడల్ హాల్ అన్నాయి. తెలుగు పత్రికల్లో దానికి పతకాల పంట అన్న మాట ఉంది. వాళ్లు వల లాగారు, మనం చేను కోశాం. ఆ తర్వాత క్యారీ. మధ్యాహ్నం అన్నం క్యారియర్, కూడికలో పక్క వరుసకు మోసుకుపోయే అంకె, రోగాన్ని మోసే దోమ, ఖాతాలో వచ్చే ఏడాదికి తీసుకుపోయే నిల్వ. ఎవరు మోస్తున్నారు, ఏది, ఎక్కడికి? ప్రశ్నలు అవే.

వారానికి ఒక్క క్రియ చాలు, ఏడాదికి యాభై రెండవుతాయి. రేపటి పత్రిక ఆటల పేజీతో మొదలుపెట్టండి. మొదటి చీటీ మీద పూర్తి వాక్యం, వెనుక మీ ఇంట్లో వాడే తెలుగు క్రియ రాయండి.